అదే పదకొండు మందిలో అక్క

మన సినిమాల్లో ఆటలాడే అమ్మాయి ఎప్పుడూ ఒంటరిదే. ఆమెకు తండ్రి ఉంటాడు, కోచ్ ఉంటాడు, అడ్డుపడే ఊరు ఉంటుంది. తనకన్నా పదేళ్ళు పెద్దదై, తనతోపాటే మైదానంలోకి దిగి, ఎక్కడ నిలబడాలో చెప్పే ఇంకో ఆడమనిషి మాత్రం ఉండదు. 1991లో వచ్చిన 'అశ్విని'లో అశ్విని నాచప్ప తన పాత్రను తానే వేసింది. మన సినిమాలో అదొక అరుదైన సాహసం. అక్కడ కూడా ఆమెను నిలబెట్టేది కోచ్ పాత్ర వేసిన భానుచందరే. 2019 నాటి 'కౌసల్య కృష్ణమూర్తి'లో రైతు తండ్రి దుఃఖమూ, కోచ్ పట్టుదలా కలిసి ఆ అమ్మాయి చేత బంతి వేయిస్తాయి. ఈ రెండు సినిమాల మధ్య ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆమె చుట్టూ ఉన్న మగవాళ్ళ అమరిక మాత్రం మారలేదు.

పెద్ద క్రీడాకారిణి ఉన్న సినిమా ఒకటుంది. సుధా కొంగర తీసిన 'గురు' (2017). పోలీసు ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి బాక్సింగ్ నేర్చుకున్న అక్క. ఏ శిక్షణా లేకుండానే కోచ్ కళ్ళల్లో పడ్డ చెల్లెలు. ఇంత మంచి సందర్భం దొరికినా ఆ అక్కను సినిమా ఏం చేసింది? అసూయతో చెల్లెలి చెయ్యి దెబ్బతినేలా కొట్టించింది. తను కోరుకున్నది చెల్లెలికి దక్కితే అక్కకు కడుపు మండడంలో అసహజమేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మంట తర్వాత ఏమవుతుంది, ఆ ఇద్దరూ మళ్ళీ ఒకే రింగులో ఎలా నిలబడతారు అన్నది కథ కాకుండా పోయింది. ఒక స్త్రీ దర్శకురాలు తీసిన సినిమా కాబట్టి నా ఫిర్యాదు కాస్త ఎక్కువే.

ఈ లోటు గురించి రాయాలనిపించింది 'శభాష్ మిథు'ను ఈమధ్య రెండోసారి చూశాక. సృజిత్ ముఖర్జీ దర్శకత్వంలో తాప్సీ మిథాలీ రాజ్‌గా నటించిన ఈ సినిమా 2022 జులైలో విడుదలైంది. ఆమె ఆటనుంచి తప్పుకున్న నెల దాటాక. మిథాలీ తమిళ కుటుంబంలో పుట్టినా సికింద్రాబాదులో పెరిగింది, హైదరాబాదు ఇచ్చిన క్రీడాకారిణి. కాబట్టి ఇది మన కథే అనుకుని చూశాను. చిన్నప్పటి భాగం బాగుంది. భరతనాట్యం నేర్చుకుంటున్న పిల్లకు నూరీ అనే స్నేహితురాలు క్రికెట్ అంటిస్తుంది. అడుగుల లెక్క బ్యాట్‌లోకి ఎలా వస్తుందో ఆ పిల్లలిద్దరే చూపించేశారు. ఆ తర్వాత శిక్షణ శిబిరం, సీనియర్లు కొత్తపిల్లను వేధించే సీన్లు. ఆ తర్వాత ఆమె కెప్టెన్. ఇక అక్కడి నుంచి సినిమాకు శత్రువులంతా బయటివాళ్ళే. బోర్డు ఆఫీసులో అవమానం, ఎయిర్‌పోర్టులో అవమానం. అవన్నీ చూపించాల్సినవే, కాదనను. కానీ వేధింపులు పడ్డ ఆ కొత్తపిల్ల కెప్టెన్ అయ్యాక తన కింద చేరిన కొత్తపిల్లలతో ఎలా మాట్లాడింది? సినిమాకు ఆ ప్రశ్నే తోచలేదు. కెమెరా 2017 ప్రపంచకప్‌కు పరుగెత్తి మ్యాచ్‌ల ముక్కలు అతికించి ముగించేసింది.

అసలు జీవితంలో ఏం జరిగిందో చూడండి. 1999 జూన్‌లో పదహారేళ్ళ మిథాలీ తన మొదటి వన్డేలోనే ఐర్లాండ్ మీద 114 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214, అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఇవి ఒంటరి పనులు. క్రీజులో నిలబడ్డ మనిషికి బంతీ తనూ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. నలభై ఎనిమిదో ఓవర్లో బంతి ఎవరి చేతికివ్వాలి, క్యాచ్ వదిలేసిన పిల్లను మళ్ళీ అక్కడే నిలబెట్టాలా, దూరంగా పంపాలా అన్న ప్రశ్నలు బ్యాటింగ్ ప్రతిభతో తేలేవి కావు. ఇరవై రెండేళ్ళకు ఆమె 2005 ప్రపంచకప్ ఫైనల్లో కెప్టెన్. అప్పటికి మహిళల క్రికెట్ ఇంకా బిసిసిఐ కిందకు రాలేదు, 2006లో వచ్చింది. వచ్చాక అంతా బాగుపడిందని కాదు. 2006 తర్వాత భారత మహిళల జట్టు మళ్ళీ టెస్టు ఆడింది 2014లో. ఎనిమిదేళ్ళ ఖాళీ!

ఆ 2014 ఆగస్టు మ్యాచ్ చుట్టూ సినిమా తీసి ఉంటే ఎంత బాగుండేది! ఇంగ్లండులోని వార్మ్‌స్లీలో దిగిన పదకొండు మందిలో ఎనిమిది మందికి అదే మొదటి టెస్టు. నాలుగు రోజుల ఆట అంటే ఏమిటో ఒంటితో తెలిసినవాళ్ళు ముగ్గురే, మిథాలీ, ఝులన్ గోస్వామి, కరుణా జైన్. ఆట మాయమైపోయిన ఎనిమిదేళ్ళనూ ఆ ముగ్గురూ తమ జ్ఞాపకంలో మోసుకొచ్చి మిగతావాళ్ళకు పంచిపెట్టాలి. చివరి ఇన్నింగ్స్‌లో గెలవడానికి 181 కావాలి. పద్ధెనిమిదేళ్ళ స్మృతి మంధాన 51 చేసింది, కెప్టెన్ 50తో చివరిదాకా నిలబడింది, జట్టు ఆరు వికెట్లతో గెలిచింది. సంస్థలు చేయాల్సిన పనిని సంస్థలు ఎగ్గొట్టినప్పుడు ఆ భారం ఒకరిద్దరు స్త్రీల ఒంటిమీద పడుతుంది. వాళ్ళు దాన్ని మోశారని మనం చప్పట్లు కొడతాం. ఆ భారం అక్కడికి ఎలా వచ్చిందని అడగం.

ఈ మాట నాకు క్రికెట్ చూసి తట్టింది కాదు. మా గోరంట్ల నుంచి హిందూపురం వైపు గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళతో నేను తరచూ ఒకే బస్సులో ప్రయాణిస్తుంటాను. ఒకరోజు నా ముందు సీట్లో ఒక పెద్దామె, పనిలో కొత్తగా చేరిన పిల్లకు ధైర్యం చెప్తోంది. "దారం తెగితే భయపడొద్దు పాపా, చెయ్యెత్తు, నేనొస్తా" అంది. "సూపర్వైజరు అరుస్తాడేమోక్కా" అంది ఆ పిల్ల. "అరిస్తే నన్నరుస్తాడులే." ఆ పిల్ల తన స్టాపులో దిగిపోయాక నేను ఆమెను పలకరించాను. "దానికి నేర్పినంతసేపు నా పీసులు పడవు కదమ్మా. నెలాఖరుకు లెక్కలో తక్కువొచ్చేది నాకే" అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. నేర్పడానికి కూలీ లేదు. పైగా నేర్చుకున్న పిల్ల రేపు తనకన్నా వేగంగా కుడుతుంది.

స్త్రీవాద సాహిత్యానికి ఈ పెద్దరికం కొత్తది కాదు. ఓల్గా 'విముక్త' కథల్లో అహల్య, రేణుక సీతకు ఎదురై తమ బతుకుల్లోంచి తేల్చుకున్న ఎరుకను ఆమె చేతిలో పెడతారు. తల్లీ కాని, అత్తా కాని పెద్ద స్త్రీని ఇంత గౌరవంగా ఊహించిన పుస్తకం తెలుగులో నాకు ఇంకోటి గుర్తుకు రాదు. కానీ ఆ కథల్లోని పెద్దవాళ్ళు అప్పటికే పోటీలోంచి బయటికి వచ్చేసినవాళ్ళు. సీత నుంచి వాళ్ళు కోల్పోయేది ఏమీ లేదు. గార్మెంట్స్‌లోని పెద్దామెకు గానీ మిథాలీకి గానీ ఆ సౌకర్యం లేదు. వాళ్ళు అదే లైనులో, అదే పదకొండు మందిలో ఉండి నేర్పాలి. ఇవాళ నేర్పించిన పిల్ల రేపు తన స్థానం అడుగుతుంది. ఈ స్థితికి మన విమర్శలో ఇంకా సరైన పేరు లేదు. 'సోదరీత్వం' అన్న మాట ఇక్కడికి చాలదు, అది మరీ మెత్తనిది.

2018 నవంబరులో ఆ మాట పూర్తిగా చిరిగిపోయింది. వెస్టిండీస్‌లో టి20 ప్రపంచకప్. వరుసగా రెండు మ్యాచ్‌ల్లో అర్ధసెంచరీలు చేసిన మిథాలీని ఇంగ్లండ్‌తో సెమీఫైనల్లో పక్కన కూర్చోబెట్టారు. జట్టు ఓడిపోయింది. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్, తనకన్నా చిన్నది, ఏళ్ళ తరబడి తన కెప్టెన్సీలో ఆడినది. కోచ్ రమేష్ పొవార్ తనను అవమానించాడని మిథాలీ బోర్డుకు ఉత్తరం రాసింది, అది పత్రికలకెక్కింది. హర్మన్‌ప్రీత్, స్మృతి ఆ కోచ్‌నే కొనసాగించమని కోరారు. వార్మ్‌స్లీలో తనతోపాటు నిలబడ్డ అదే స్మృతి. ఎవరిది న్యాయమని తీర్పు చెప్పడం నా పని కాదు. రెండు తరాల స్త్రీలు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నిర్ణయించే కుర్చీల్లో ఎక్కువమంది మగవాళ్ళే ఉన్నారన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 2017తో ఆగిపోయిన సినిమాకు ఇదేమీ అక్కర్లేకపోయింది. అసలు కథ మొదలయ్యేది అక్కడేనని నేననుకుంటాను.

ఎందుకంటే ఆమె వెళ్ళిపోలేదు. 2019లో టి20లు వదిలేసినా వన్డే కెప్టెన్‌గా అదే హర్మన్‌ప్రీత్‌తో, అదే స్మృతితో ఆడుతూనే ఉంది. 2021లో పొవార్ మళ్ళీ కోచ్‌గా వచ్చాడు. అతనితోనూ పనిచేసింది. ఆ ఏడాది ఇంగ్లండులో వరుసగా 72, 59, 75 కొడితే నెమ్మదిగా ఆడుతోందన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఆట వేగం మారింది, ఆమె లయ పాతది. చివరి ప్రపంచకప్ 2022లో ఆమెకు ముప్పై తొమ్మిది. ఇన్నింగ్స్ మొదలుపెట్టే షెఫాలీ వర్మకు పద్ధెనిమిది. షెఫాలీ పుట్టడానికి నాలుగేళ్ళ ముందే కెప్టెన్ దేశానికి ఆడుతోంది. మొదటి బంతినుంచే బాదే పిల్లకు తన పద్ధతి నేర్పాలా, ఆ పిల్ల పద్ధతికి చోటిచ్చి తను తగ్గాలా? 155 వన్డేలకు కెప్టెన్‌గా ఉండి 89 గెలిచిన మనిషి ఈ ప్రశ్నను రోజూ డ్రెస్సింగ్ రూములో ఎదుర్కొని ఉంటుంది. 2017లో డెర్బీలో ప్యాడ్లు కట్టుకుని, తన వంతు వచ్చేదాకా రూమీ కవిత్వం చదువుతూ కూర్చున్న ఆమె ఫోటో అందరూ చూసిందే. ఆ ప్రశాంతతను మెచ్చుకున్నారు. కెప్టెన్ అలా పుస్తకంలో మునిగి ఉంటే పక్కన కూర్చున్న చిన్నపిల్లకు ఏమనిపించి ఉంటుందని నాకు కుతూహలం. ధైర్యమా, దూరమా?

ఆటలో స్త్రీ 'స్టార్' కావడం మీదే ఒకప్పుడు కట్టడి ఉండేదన్నది ఇక్కడ చెప్పుకోవాలి. 1891లో అమెరికాలో బాస్కెట్‌బాల్ పుట్టింది. మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయురాలు స్మిత్ కాలేజీ అమ్మాయిల కోసం దాని నియమాలు మార్చింది. కోర్టును మూడు భాగాలు చేసి ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలంది. బంతి లాక్కోకూడదు, ఎక్కువసేపు పట్టుకోకూడదు. అమ్మాయిలు అలిసిపోకూడదన్న ఆనాటి భయం ఒక కారణం. ఒక్కరే ఆటంతా ఆక్రమించకుండా అందరూ కలిసి ఆడాలన్నది ఇంకో కారణం. ఆ ఆలోచన చదివినప్పుడు నాకు ముచ్చటేసింది, కోపమూ వచ్చింది. అందరికీ బంతి అందాలన్నది మంచి కోరికే. దానికోసం ఆడపిల్ల కాళ్ళకు గీత గీయడమేమిటి? కోర్టును రెండు ముక్కలు చేసి అమ్మాయిలు ఆరుగురేసి ఆడే పద్ధతి అయోవా రాష్ట్రపు హైస్కూళ్ళలో 1993 దాకా సాగిందంటే ఆ గీత ఎంత మొండిదో చూడండి. నియమం పెట్టి స్టార్‌ను లేకుండా చేయొచ్చు. స్టార్‌గా ఉంటూనే బంతి పక్కదానికి అందించడం మాత్రం ఏ నియమమూ నేర్పలేదు.

'చక్ దే ఇండియా' (2007) ఆ సంగతిని కొంత పట్టుకుంది. గోల్స్ కోసం ఒకరితో ఒకరు పోటీపడే ప్రీతి, కోమల్ ఫైనల్లో ఒకరికొకరు బంతి అందించుకునే క్షణం నాకిప్పటికీ ఇష్టం. అయితే సీనియర్ బిందియా నాయక్‌ను దారికి తేవడం షారుఖ్ ఖాన్ పనే అయింది.

మన వైపు పిల్లలు ఈలోగా ఆడేస్తున్నారు. అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి నుంచి ఆర్డీటీ మైదానంలో నేర్చుకున్న బారెడ్డి అనూష 2023లో బంగ్లాదేశ్‌లో భారత జట్టుకు ఆడింది. కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఆ టోర్నీ జరుగుతుండగానే విశాఖ స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ పేరు, ఒక గేటుకు వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. వీళ్ళ మీద రేపు సినిమాలు వస్తాయి, తండ్రులూ కోచ్‌లూ వాటిలో తప్పక ఉంటారు.

నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద గెలిచాక హర్మన్‌ప్రీత్ జట్టు ఆ కప్పును మైదానంలో ఉన్న ఝులన్ దగ్గరికి, మిథాలీ దగ్గరికి, అంజుమ్ చోప్రా దగ్గరికి తీసుకెళ్ళింది. ఝులన్ వెక్కి వెక్కి ఏడ్చింది. మిథాలీ కప్పు పైకెత్తింది. అందరూ దాన్ని కృతజ్ఞత అన్నారు, నిజమే. నేను మాత్రం ఆ వీడియోను ఆపి ఆపి హర్మన్‌ప్రీత్ ముఖమూ మిథాలీ ముఖమూ చూశాను. 2018 నవంబరు తర్వాత ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ముందు నోరు విప్పారో నాకు తెలుసుకోవాలని ఉంది.