కుట్టిన దుస్తులు, కుట్టని వస్త్రం: ‘సమకాలిక ముస్లిం ఫ్యాషన్లు’ ప్రదర్శన

వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నం ఒకప్పటి రేవు. నేడు అక్కడ ఉన్నవి దీపస్తంభం, ఇసుకతిన్నెలు, హిందువులూ ముస్లిములూ కలిసి దర్శించే ఒక దర్గా. ఆ చుట్టుపక్కల ముస్లిం ఇల్లాలు గడపదాటి బయటికి వచ్చేటప్పుడు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఒకటుంది. చీర పైటను వెనుకనుంచి తలమీదుగా తెచ్చి, కుడిచెవి పక్కన సర్దుకొంటుంది. ఇటీవలి తరాలలో నల్లబురఖా వాడకం పెరిగిన మాట నిజమే గాని, పైట కప్పుకొనే అలవాటు పూర్తిగా పోలేదు. ఆ చీరను ఏ దర్జీ కుట్టలేదు. దాన్ని నేసింది బహుశా ఏ దేవాంగుల ఇంటి మగ్గమో. అయితే ఆమె ధరించినది ముస్లిం దుస్తులా, తెలుగు దుస్తులా?

ఇది తేలిక ప్రశ్న కాదు. ముస్లిముల వేషధారణే వస్తువుగా ఒక పెద్ద కళా ప్రదర్శనశాల ఏర్పాటు చేసిన ప్రదర్శనను పరిశీలించేటప్పుడు ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని వెళ్ళడం అవసరం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు డి యంగ్ మ్యూజియంలో 2018 సెప్టెంబరు 22 నుంచి 2019 జనవరి 6 వరకు ‘సమకాలిక ముస్లిం ఫ్యాషన్లు’ అనే ప్రదర్శన జరిగింది. సుమారు 80 వేషాలు, వాటితోబాటు ఛాయాచిత్రాలు అందులో చోటుచేసుకొన్నాయి. జిల్ డిఅలెసాండ్రో, లారా కామెర్లెంగో దీనిని రూపొందించగా, లండన్ ఆచార్యురాలు రైనా లూయిస్ సలహాదారుగా వ్యవహరించారు. ప్రదర్శన ఏర్పాట్లకు ఆకృతినిచ్చినవారు ఇరాన్‌లో పుట్టిన వాస్తుశిల్పులైన హరీరీ సోదరీమణులు. ఒక ప్రధాన కళా ప్రదర్శనశాల ముస్లిముల నేటి దుస్తులను ఇంత విస్తారంగా చూపడం అదే మొదలు.

కాలాన్ని బట్టి చూస్తే ఈ పని ధైర్యంతో కూడినదే. 2016 వేసవిలో ఫ్రాన్సు సముద్రతీర పట్టణాలు బుర్కినీని నిషేధించాయి. 2017లో అమెరికా ప్రభుత్వం కొన్ని ముస్లిం దేశాల ప్రజల రాకపై ఆంక్షలు పెట్టింది. అటువంటి వాతావరణంలో ఆస్ట్రేలియాలో స్థిరపడిన అహెదా జనేటి రూపొందించిన బుర్కినీని, నైకీ సంస్థ క్రీడాకారిణుల కోసం చేసిన హిజాబును తెచ్చి, పారిస్ పట్టుగౌన్లు నిలిపేచోట నిలపడం చిన్న విషయం కాదు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణను అరబ్బీ లిపిలో వీపుమీద అచ్చొత్తిన ఒక జాకెట్టు కూడా అక్కడ ఉంది. సెలీన్ సెమాన్ వెర్నన్ చేసిన ఆ జాకెట్టు, చదవలేని లిపి అంటే చాలు భయపడే పౌరునికి ఆతని సొంత హక్కునే చూపిస్తుంది. ఈ ప్రదర్శనలో మాటకంటె బలంగా మాట్లాడిన వస్తువు అదే.

ఇక ‘ఓత్ కుత్యూర్’ సంగతి. ఫ్రెంచివారు ఈ మాటను ఎవరు పడితే వారు వాడుకోవడానికి ఒప్పుకోరు. 1945 నుంచి పారిస్‌లో కొన్ని నియమాలకు కట్టుబడిన దుస్తుల గృహాలకే ఆ పేరు పెట్టుకొనే హక్కు ఉంది. దీనికి మూలపురుషుడుగా చెప్పే చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ ఇంగ్లీషువాడు. 1858లో పారిస్‌లో దుకాణం తెరిచి, తాను కుట్టించిన దుస్తుల లోపల తన పేరు నేసిన పట్టీని తగిలించాడు. చిత్రకారుడు పటం మూలన సంతకం చేసినట్లు దర్జీ గౌనులో సంతకం చేశాడన్నమాట. దుస్తులు మ్యూజియంలోకి ప్రవేశించింది ఆ సంతకం పుణ్యమా అనే. 1983లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం ఈవ్ సెయింట్ లారెంట్ దుస్తులతో, అంటే బతికివున్న ఒక రూపశిల్పి దుస్తులతో, ప్రదర్శన పెట్టినప్పుడు, ఇది కళా ప్రదర్శనమా వ్యాపార ప్రకటనమా అని విమర్శకులు నిలదీశారు. ఆ ప్రశ్నకు నేటికీ సూటి సమాధానం రాలేదు. డి యంగ్ కూడా 2008లో అదే లారెంట్‌కు, 2012లో జాన్ పాల్ గోల్తియేకు తన శాలలు ఇచ్చింది. ముస్లిం దుస్తుల ప్రదర్శనకు ఆ అలవాటే మూసగా ఏర్పడింది. ప్రతి బొమ్మ ముందూ ఒక రూపశిల్పి పేరు, ఒక వ్యాపార గృహం పేరు. గల్ఫ్ కొనుగోలుదారుల కోసం ఐరోపా గృహాలు కుట్టే ఖరీదైన దుస్తులకూ ఇందులో పెద్దపీటే పడింది.

ఈ ధోరణిని లోపలినుంచే ఎత్తిపొడిచిన వస్తువు కూడా ప్రదర్శనలో ఉండడం విశేషం. ఇరాక్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన వెసామ్ అల్ బద్రీ ఖరీదైన పారిస్, ఇటలీ గృహాల రుమాళ్ళను స్త్రీల ముఖాలకు నికాబులుగా కట్టి ఛాయాచిత్రాలు తీశాడు. ముఖం కప్పుకొంటే భయపడే సమాజం, ఆ కప్పిన గుడ్డమీద పెద్ద వ్యాపార ముద్ర ఉంటే ఏమంటుంది? చిత్రాలు నవ్వు పుట్టిస్తాయి, తరువాత కొంచెం సిగ్గు కూడా. నిర్వాహకులు ఆ ప్రశ్నను గోడకు తగిలించారు గాని, పక్క గదులలోని ఖరీదైన అబాయాలకు దాన్ని వర్తింపజేసి చూడలేదు.

ప్రదర్శన ప్రధానంగా మధ్యప్రాచ్యం, ఇండొనేసియా, మలేసియా, ఐరోపా, అమెరికాల వైపు చూసింది. దక్షిణాసియా మూలాలున్నవారు కనిపించినా, వారు ఎక్కువగా లండన్ వంటి నగరాలలో స్థిరపడినవారు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో ముస్లిములు 17 కోట్ల పైమాటే. ఇంత జనం ధరించే దుస్తులు ఎందుకు అంచులకు పోయాయి? ద్వేషం కారణం కాదు. ‘ముస్లిం ఫ్యాషన్’ అనే మాటకు వారు చెప్పుకొన్న నిర్వచనమే కారణం. ఒంటిని ఎంతమేర కప్పుతుంది, ఎట్లా కత్తిరించారు, ఎవరు కుట్టారు అన్న కొలతలు చేతబట్టుకొన్నవారికి చీర కొంగు దొరకదు. అది ఏ ముస్లిం రూపశిల్పి సృష్టీ కాదు. పక్కింటి హిందూ స్త్రీ కూడా అదే కట్టుకొంటుంది. ఆ కొంగు ఎప్పుడు తలమీదికి వస్తుంది, ఎప్పుడు భుజం మీదికి జారుతుంది అన్నదాంట్లో మాత్రమే ఆమె అదబు ఉంది. కదలని బొమ్మకు ఆ చేష్ట చేతకాదు.

తెలుగు భాషే ఇందుకు సాక్ష్యం. దర్జీ, జేబు, రుమాలు, పైజామా, కమీజు, అస్తరు అనే మాటలు పారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చాయి. కత్తెర పడిన గుడ్డకు సంబంధించిన పలుకుబడిలో పెద్దభాగం ఆ దారినే వచ్చింది. చీర, కోక, పంచె, పైట, కండువా మాత్రం తెలుగుగానే మిగిలాయి, వాటిని కట్టుకొన్న ముస్లిముల నోటా మిగిలాయి. ఒకే ఊరిలో రెండు పదకోశాలు, రెండూ అందరివీ.

కుట్టిన గుడ్డకే గౌరవం ఇవ్వడంలో ఇంకొక చిక్కు ఉంది. ఇస్లాం ఆచారంలో మగవాడికి అత్యంత పవిత్రమైన సందర్భంలోని దుస్తులు కుట్టినవి కావు. హజ్ యాత్రలో ఇహ్రామ్ స్థితిలోకి వెళ్ళే పురుషుడు కుట్టని రెండు తెల్లగుడ్డలు మాత్రమే ధరిస్తాడు. రాజుకూ కూలికీ అవే. మరణించినవారికి చుట్టే కఫన్ కూడా సామాన్యంగా సాదా తెల్లగుడ్డే, పురుషునికి మూడు, స్త్రీకి అయిదు. పురుషులకు పట్టు తగదన్న నియమాన్ని పాటిస్తూనే పట్టు మెరుపును వదులుకోలేనివారి కోసం నేతగాళ్ళు మష్రూ అనే బట్టను రూపొందించారు. అందులో పైకి పట్టు కనిపిస్తుంది, ఒంటికి నూలు తగులుతుంది. ధర్మశాస్త్రం అనుమతించినది అనే అర్థమే దాని పేరు. ఇక్కడ ధర్మశాస్త్రం సమస్య పెట్టింది, మగ్గం జవాబు చెప్పింది. కత్తెరకు ప్రమేయం లేదు.

దివ్య ఖుర్ఆన్ వస్త్రాన్ని దేహాన్ని కప్పేదిగానూ, అలంకారంగానూ రెండు విధాలా ప్రస్తావిస్తుంది. కప్పడం గురించి ప్రదర్శన చాలా మాట్లాడింది. అలంకారం గురించి కూడా మాట్లాడింది. ఆ గుడ్డ ఎక్కడినుంచి వచ్చిందన్న విషయంలో మాత్రం చాలాచోట్ల మౌనం.

చాలాచోట్ల అనడం న్యాయం, అంతటా అనడం అన్యాయం. ఇండొనేసియా భాగంలో ఈ మౌనం వీడింది. డియాన్ పెలాంగి, నూర్‌జహ్రా గృహంవారు తమ దీవుల బాతిక్‌ను, ముడివేసి అద్దే రంగుపనిని నేటి దుస్తులలోకి తెచ్చారు. అక్కడ గుడ్డకు ఊరు పేరుంది, పనికి పేరుంది. ప్రదర్శన మొత్తంలో మనసుకు పట్టే భాగం అదే. కాని ఉత్తరాంధ్ర పాఠకునికి సరిగ్గా అక్కడే ఒక వెలితి తగులుతుంది. 17వ శతాబ్దిలో డచ్చి వర్తకులు ఆ దీవుల సుగంధద్రవ్యాలకు మారుగా ఇచ్చినవాటిలో ముఖ్యమైనవి కోరమాండల్ తీరపు నూలుబట్టలు. ఈ వైపు వారికి భీమునిపట్నంలో స్థావరం ఉండేది. దీవులవారి రంగుపని అభిరుచిమీద ఆ దిగుమతుల ప్రభావం ఉందని వస్త్రచరిత్రకారులు చెబుతారు. మలయా భాషలో దక్షిణభారతీయులకు వాడుతూ వచ్చిన ‘కెలింగ్’ అనే మాట కళింగ శబ్దంనుంచే పుట్టిందని పండితుల సాధారణాభిప్రాయం. ఆ మాట తరువాత నిందగా మారిందనుకోండి. ఆ పేరు మోసే రేవే కళింగపట్నం.

గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ ప్రాంతానికి శ్రీకాకుళం పాలనాకేంద్రం. ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆ ఊరిలో ఉంది. ఆ పట్టణం సన్నని మస్లిన్లకు ఒకప్పుడు పేరెన్నికగన్నదని ఇంగ్లీషువారి గెజెటీర్లు రాశాయి. మస్లిన్ అనే మాట ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరునుంచి వచ్చినదంటారు. అరబ్బు నగరం పేరున్న బట్ట, తెలుగు నేతగాడి మగ్గం, ముస్లిం పాలకుని కొలువు, ఐరోపా వర్తకుని ఓడ. వీటిలో దేనిని ‘ముస్లిం’ అనాలి, దేనిని కాదనాలి? ధరించినవారి మతాన్ని గుర్తుగా పెట్టుకొన్న ప్రదర్శన దీన్ని చూడలేదు. అట్లని బట్టనే గుర్తుగా పెట్టుకొన్న ప్రదర్శనలకు అంతా కనిపించిందనీ చెప్పలేం. 2013లో మెట్రొపాలిటన్ మ్యూజియం 1500 నుంచి 1800 వరకు జరిగిన ప్రపంచ వస్త్రవ్యాపారంపై పెద్ద ప్రదర్శన జరిపింది. ఇటువంటి ప్రదర్శనలలో మన గుడ్డలకు ‘కోరమాండల్ తీరం’ అన్న చీటీతో చోటు దొరుకుతుంది. ఆ రెండు మాటల చీటీలో తీరం వందల మైళ్ళు పొడవుంటుంది, చేసినవాడికి ఒక్క అక్షరమూ ఉండదు. వర్త్ పట్టీ పుట్టకముందువారు కదా!

పట్టీ పుట్టిన తరువాత కూడా లేదు. కళింగపట్నానికి కొద్ది దూరంలోని పొందూరులో స్త్రీలు కొండపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి శుభ్రపరచి, ఏకులను అరటిదొప్పలో భద్రపరచి, చేతిరాట్నం మీద 100 కౌంటు సన్ననూలు తీస్తారు. ఒక రూపశిల్పి ఆ గుడ్డను తీసుకొని నాలుగు కుట్లు వేస్తే అది ఆయన పేరుతో అద్దాల అరలోకి వెళ్ళగలదు. కుట్లు వేయకముందు వెళ్ళే దారి నేటికీ సన్ననిదే.

ప్రదర్శన 2019లో ఫ్రాంక్‌ఫర్టుకు వెళ్ళినప్పుడు వేరే దిక్కునుంచి గట్టి నిరసన వచ్చింది. ఇరాన్ వంటి దేశాలనుంచి వచ్చి జర్మనీలో స్థిరపడిన కొందరు స్త్రీలు, తలగుడ్డ తీసినందుకు చెరసాలకు వెళ్ళేవారుండగా దాన్ని ముచ్చటైన ఫ్యాషన్‌గా చూపడం తగునా అని అడిగారు. వారి ఆక్షేపణను ఇస్లాం ద్వేషమని తోసివేయడం సులభం, సరికాదు. 2022లో తెహ్రాన్ పోలీసుల నిర్బంధంలో మహ్సా అమీనీ మరణించిన తరువాత ఆ ప్రశ్న మరింత బరువెక్కింది. బలవంతాన తొడిగించే చోట్లను గురించి ప్రదర్శన ఇంకా స్పష్టంగా మాట్లాడవలసింది. అయితే ఆ స్త్రీల ప్రశ్నకూ, బుర్కినీ నిషేధాన్ని ఎదిరించినవారి ప్రశ్నకూ మూలం ఒకటే. గుడ్డను సర్దుకొనే చేయి ఎవరిది? కళింగపట్నం ఇల్లాలి పైట విషయంలో అది ఆమె చేయే అని అనుకోవడం రివాజు. ఇంటి పెద్దలూ వీధి చూపులూ ఆ చేతిమీద ఎంత బరువు పెడతాయో ఆమెను అడిగితేనే తెలుస్తుంది.

ప్రదర్శన మూడో మజిలీ న్యూయార్క్‌లోని కూపర్ హ్యూయిట్ మ్యూజియం. 2020 ఫిబ్రవరి చివర అక్కడ తెరిచారు. కొద్ది వారాలకే కోవిడ్ వ్యాధివల్ల మ్యూజియం తలుపులు మూసుకొన్నాయి. చూడడానికి వచ్చేవారు లేక, బొమ్మలు వాటి అబాయాలతో చీకటి గదులలో నిలబడిపోయాయి.