మిహింతలే: అభయారణ్యమా, ఆరామమా?

శ్రీలంకలోని రక్షిత ప్రాంతాలను పరిచయం చేసే పుస్తకాలలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ప్రపంచంలోని తొలి వన్యప్రాణి అభయారణ్యం మిహింతలే అనీ, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో దేవానాంపియ తిస్స మహారాజు దానిని ప్రకటించాడనీ ఆ వాక్యం చెబుతుంది. ఈ మాట ఎంతగా స్థిరపడిందంటే, దీనికి ఆధారమేమిటని అడిగేవారు అరుదైపోయారు. అడగవలసిన బాధ్యత బౌద్ధ వారసత్వ పరిశోధకులది.

సాధారణంగా చూపే ఆధారం మహావంశం, 14వ పరిచ్ఛేదం. జ్యేష్ఠ పౌర్ణమినాడు నలభై వేలమంది పరివారంతో వేటకు వెళ్లిన రాజును మృగరూపం దాల్చిన ఒక దేవత మిస్సక పర్వతం మీద ఉన్న మహింద థేరుల వద్దకు చేర్చింది. థేరులు రాజును పేరుపెట్టి పిలిచారు. మామిడిచెట్టును గురించిన ప్రశ్నలతో ఆయన బుద్ధిని పరీక్షించారు. అనంతరం చూళహత్థిపదోపమ సుత్తాన్ని బోధించారు. రాజు సపరివారంగా త్రిశరణాలు స్వీకరించాడు. అక్కడ వేటను నిషేధించిన ప్రస్తావన గానీ, కొండను మృగాలకు విడిచిన ప్రస్తావన గానీ లేదు. రాజు భూమికి సంరక్షకుడు మాత్రమేనని థేరులు చెప్పినట్లు ప్రచారంలో ఉన్న ఉపదేశమూ లేదు. పైగా ఆ గ్రంథం రచితమైనది ఈ ఘటన జరిగిన సుమారు ఏడు శతాబ్దాల తరువాత.

1997లో గబ్చీకొవొ–నాగిమారోస్ వ్యాజ్యంలో అంతర్జాతీయ న్యాయస్థానపు న్యాయమూర్తి వీరమంత్రి వెలువరించిన ప్రత్యేక అభిప్రాయంలో ఆ ఉపదేశం చోటుచేసుకున్నది. దానితో దానికి కొత్త ప్రామాణ్యం వచ్చింది. సుస్థిరాభివృద్ధిపై ఆయన వాదన బలమైనదే. అందుకు లంకలోని ప్రాచీన చెరువుల వ్యవస్థే తగిన సాక్ష్యం. ఉపదేశానికి మాత్రం మూలగ్రంథం అండగా నిలవదు.

విచిత్రమేమంటే, మూలంలో ఉన్న సుత్తం ఈ ప్రచారకథ కంటే విలువైనది. మజ్ఝిమ నికాయంలో 27వదైన ఆ సుత్తంలో నేర్పరి అయిన వేటగాడు పెద్ద అడుగుజాడను చూసినంతనే గజరాజు ఉన్నదని నిశ్చయించడు. దంతాల గాట్లు, విరిగిన కొమ్మలు చూసినా నిశ్చయించడు. ఏనుగును కంటితో చూసిన తరువాతనే నమ్ముతాడు. వేటకు వచ్చిన రాజుకు ఇంతకంటే తగిన ఉపమానం లేదు. సాక్ష్యాన్ని తూచే మనకు కూడా అదే పాఠం. ఆ సుత్తమే భిక్షువు ప్రాణిహింసను, విత్తనాలకూ మొక్కలకూ చేసే హానిని విడిచిపెడతాడని చెబుతుంది. ఇది రాజాజ్ఞ కాదు, సంఘశీలం.

పురావస్తు సాక్ష్యం కూడా ఇటే మొగ్గుచూపుతుంది. ఆ కొండపై అరవై ఎనిమిది గుహావాసాలు ఏర్పరచినట్లు మహావంశం చెబుతుంది. లంకలోని గుహల చూరుల కింద ఉన్న బ్రాహ్మీ శాసనాలు ఆ గుహలను నాలుగు దిక్కుల నుంచి వచ్చిన, ఇక రాబోయే సంఘానికి ఇచ్చినట్లు ప్రకటిస్తాయి. వేటభూమి ఆరామమైంది, ఇంకా పుట్టని భిక్షువులకు కూడా దానిలో హక్కు ఏర్పడింది. మిహింతలే రక్షణ చరిత్రను ఇక్కడి నుంచి రాయాలి.

రాజాజ్ఞకు సాక్ష్యం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. తిస్సకు సమకాలికుడైన అశోకుని మొదటి శిలాశాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నది. తన వంటశాలలో వధ రెండు నెమళ్లకు, ఒక మృగానికి తగ్గినదని, ఇకమీదట అదీ ఉండదని ఆయన చెప్పుకున్నాడు. ఐదవ స్తంభశాసనం చంపరాని జంతువులను పేర్కొని, అడవులను నిష్కారణంగా తగలబెట్టరాదన్నది. తిస్స పేరిట అటువంటి శాసనం లభించలేదు.

ఈ చర్చ వట్టి పాండిత్య వివాదం కాదు. శ్రీలంకలో వన్యప్రాణులకు 1937 నాటి చట్టం, పురావస్తువులకు 1940 నాటి చట్టం వేరువేరుగా ఉన్నాయి. అడవినీ గుహనూ ఒకే ఆవాసంగా చూడమని ఆ రెండు శాఖలను కోరాలంటే నిలబడే ఆధారం కావాలి. నిరూపించలేని ‘ప్రపంచంలో తొలి’ అనే బిరుదు ప్రత్యర్థి చేతికి ఆయుధమవుతుంది. కనుక మిహింతలేను వివరించేటప్పుడు గ్రంథకథనం, గుహాశాసనాలు, ఆధునిక చట్టం అనే మూడింటినీ విడివిడిగా, కాలక్రమంలో చూపాలి. పొసొన్ పౌర్ణమినాడు ఆ కొండనెక్కే ఉపాసకులకు ఆనాడు బోధించిన సుత్తం ఏదో చెప్పడం పూజ్య భిక్షువుల చేతిలో ఉన్నది.