బొంబాయి లెక్క, లండన్ లెక్క

అంటువ్యాధుల చరిత్ర చదివేవాళ్లకు రెండు పట్టికలు ఎక్కడో ఒకచోట ఎదురవుతాయి. ఒకటి 1918 నాటి బొంబాయి నగరానిది. ఇన్‌ఫ్లూయెంజాతో ఏ జనంలో వెయ్యికి ఎంతమంది పోయారో అందులో ఉంది. రెండోది 2020 నాటి ఇంగ్లండు, వేల్స్‌లది; దాన్నే ఇక్కడ లండన్ పట్టిక అంటున్నాను. కొవిడ్‌తో ఏ జాతివారు ఎక్కువగా చనిపోయారో అది చెబుతుంది. మొదటిదాన్ని అర్థం చేసుకోవడానికి పుట్టపర్తి దగ్గరి మా కొత్తచెరువు వాళ్లకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఊళ్లో ఎవరి ఇళ్లు ఏ దిక్కున ఉంటాయో, చెరువు కింద మడి ఎవరిదో, ఆ మడిలో కూలి ఎవరో తెలిసినవారికి ఆ పట్టిక పాత పరిచయమే. రెండోదానికి మాత్రం కొంచెం పరిచయం కావాలి.

బొంబాయి పట్టికలో దాపరికం లేదు. యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది పోయారు. పార్సీలలో 9 మంది. పైకులాల హిందువుల్లో 18.9, ముస్లింలలో 19.2. ఇక కింది కులాల హిందువుల్లో 61.6. ఊరు ఒకటే, గాలి ఒకటే, చలికాలానికి ముందు వచ్చిన ఆ పాడు నెలలూ ఒకటే. అయినా దొర చావుకూ పాకీపని చేసేవాడి చావుకూ మధ్య తేడా ఏడు రెట్లు దాటింది. ఒకే మతం లోపల పైకులానికీ కిందికులానికీ మధ్యనే తేడా మూడింతలకు మించింది. ఆ ఏడు వానలు లేవు, గింజల ధర మండిపోయింది. జ్వరం ఎవరింటికైనా వచ్చింది గానీ, మంచం పట్టినవాడికి గంజి కాచి పోసే మనిషి, ఆ గంజికి నూకలు అందరి ఇళ్లలో లేవు.

లండన్ పట్టికది వేరే స్వభావం. బొంబాయి లెక్క అంకె వేసి ఊరుకుంటే, ఇది అంకె వేసి, దాన్ని మళ్లీ మళ్లీ సరిచూసుకుంటుంది. 2020 మే నెలలో అక్కడి జాతీయ గణాంక కార్యాలయం ఇచ్చిన లెక్కను చూడండి. వయసు ఒక్కటే సరిచూస్తే, తెల్లవారికంటే నల్లజాతి పురుషులకు చావు ముప్పు 4.2 రెట్లు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇల్లు సొంతమా అద్దెదా, చదువెంత, పేటలో పేదరికం ఎంత అన్నవి కూడా కలిపి సరిచూస్తే అదే ముప్పు 1.9 రెట్లకు దిగింది. అంటే రక్తంలో ఉందనుకున్న తేడాలో సగానికి పైగా అద్దె ఇంట్లోనూ బస్సు డ్రైవరు సీటులోనూ దొరికింది. ఇలా పొర తర్వాత పొర విప్పే ఓపిక నాకు ఇష్టం. అలాగే బొంబాయి పట్టికలోని మొరటు నిజాయితీ కూడా ఇష్టమే. రెంటిలో ఏది గొప్పదని అడిగితే జవాబు చెప్పను.

అయితే లండన్‌లో ఒక చిక్కు వచ్చింది, అది బొంబాయికి రాలేదు. బ్రిటన్‌లో కొవిడ్‌తో మొదట చనిపోయిన పదిమంది డాక్టర్లూ ఆసియా, ఆఫ్రికా, అరబ్బు దేశాల మూలాలవారే. కర్నూలు, గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల్లో చదివి అక్కడ స్థిరపడిన మనవాళ్లు కోకొల్లలు. 2020 వేసవిలో ఇక్కడి ఎన్నో ఇళ్లలో ఫోను మోగితే గుండె దడదడలాడింది. బొంబాయిలో కూలివాడు పోయాడు, పేదరికం అని సరిపెట్టుకోవచ్చు. లండన్‌లో కారూ సొంతిల్లూ ఉన్న డాక్టరు పోయాడు, మరి దీనికేమంటారు? అక్కడి నుంచే రక్తం మాట మొదలైంది.

ఆ మాట పూర్తిగా గాలి మాట కాదు. ఆ ఏడాదే జెబర్గ్, పాబో అనే శాస్త్రవేత్తలు ఒక జన్యుభాగాన్ని గుర్తించారు. నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిన ఆ భాగం ఉన్నవారికి కొవిడ్ ముదిరే అవకాశం ఎక్కువ. దక్షిణాసియాలో సుమారు సగం మందిలో, యూరప్‌లో ఆరుగురిలో ఒకరిలో అది ఉంది. వినగానే ఇంకేముంది, తేలిపోయిందనిపిస్తుంది. కానీ ఆఫ్రికాలో ఆ భాగం దాదాపు లేనే లేదు. తొలి అలలో ఇంగ్లండులో ఎక్కువగా పోయింది మాత్రం ఆఫ్రికా మూలాలవారే. రెండో అల వచ్చేసరికి వాళ్లకూ తెల్లవారికీ మధ్య ఎడం బాగా తగ్గింది. బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాలకు మాత్రం పెద్దదిగానే ఉండిపోయింది. ఆరు నెలల్లో ఎవరి రక్తమూ మారదు. మారేవి ఉద్యోగాలు, జాగ్రత్తలు, ఇంట్లో పడకల ఏర్పాటు. జన్యువుకు దాని వాటా దానికి ఇద్దాం. పట్టిక మొత్తాన్ని దాని చేతికి అప్పగించడం మాత్రం తప్పు. ఇక డాక్టర్లంటారా, వాళ్ల సంగతికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. రోగి నోటికి అడుగు దూరంలో పనిచేసేవాళ్లు వాళ్లు.

రెండు పట్టికలకూ ఉమ్మడి లోపం ఒకటుంది. బొంబాయి పట్టిక పాకీపని చేసేవాడినీ మిల్లు కూలినీ ఒకే వరుసలో కుక్కింది. లండన్ పట్టిక ‘ఇండియన్’ అనే వరుసలో మన గుండె డాక్టరునీ, లెస్టర్ బట్టల ఫ్యాక్టరీల్లో చవక జీతానికి కుట్టుపని చేసే ఆడమనిషినీ కలిపేసింది. 2020 జూన్ చివర ఇంగ్లండులో తొలి స్థానిక లాక్‌డౌన్ పడింది ఆ లెస్టర్‌లోనే. ధర్మవరంలో మగ్గం ఉన్న గదిలోనే వండుకుని, తిని, పడుకునే నేతపనివారికి లెస్టర్ కథ చెబితే ఇట్టే అర్థమవుతుంది. అదే మన గుండె డాక్టరుకు చెబితే కొంత సమయం పట్టొచ్చు.

వరుసలు గీసేది సర్కారు అన్న సంగతి మన ప్రాంతం కంటే బాగా ఎవరికి తెలుసు? పెనుకొండ నుంచి పడమరగా పోతే కర్ణాటకలోని పావగడ వస్తుంది. ఇవతల సుగాలీలు ఎస్టీలు. అవతల వాళ్ల వియ్యంకులు లంబాణీలు, అక్కడ ఎస్సీలు. ఇవతల బోయలు బీసీలు, అవతల నాయకులుగా ఎస్టీలు. పెళ్లి సంబంధాలకు అడ్డురాని గీత, జబ్బు లెక్కల్లో మనుషుల్ని మార్చేస్తుంది. తండాలో దగ్గుతున్న అన్న ఒక వరుసలో చేరితే, తమ్ముడు మరో రాష్ట్రంలో మరో వరుసలో చేరతాడు.

దేశంలో ఆదివాసీల ఆరోగ్యం గురించి అభయ్ బంగ్ అధ్యక్షతన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. లక్ష మందిలో క్షయ రోగులు ఎస్టీలలో 703 మంది, మిగతావారిలో 256 మంది అని అందులో ఉంది. జనాభాలో ఎస్టీలు 8.6 శాతమే, మలేరియా చావుల్లో మాత్రం సగం వాళ్లవే. ఈ అంకెలు చదివితే మనకు మన్యంలోని పాడేరు గుర్తొస్తుంది, గోరంట్ల చుట్టుపక్కల తండాలు గుర్తురావు. ప్రభుత్వానికీ గుర్తురావు. నోటిఫై చేసిన ఏజెన్సీ ప్రాంతాల్లోని క్షయ రోగికి దారి ఖర్చులకని 750 రూపాయలు ఇస్తూ వచ్చారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో నోటిఫైడ్ ప్రాంతమే లేదు కాబట్టి ఇక్కడి సుగాలీ రోగికి ఆ డబ్బు లేదు. కులం లెక్కలో ఎస్టీ, దారి ఖర్చు లెక్కలో కాదు.

ఇంగ్లండు అతిగా సరిచూస్తే, మనం అసలు చూడలేదు. కొవిడ్ కాలంలో రోజూ సాయంత్రం వచ్చే బులెటిన్‌లో జిల్లా ఉండేది, అంకె ఉండేది. ఏ కులంలో ఎందరు పోయారో ఏనాడూ లేదు. ఒక్క వరుస మాత్రం 2020 ఏప్రిల్‌లో విడిగా వినిపించింది. ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన ముస్లింల మతసభకు వెళ్లొచ్చినవారి లెక్క అది. హిందూపురం రెడ్‌జోన్‌గా ఉన్న ఆ రోజుల్లో ఆ లెక్క బజార్లో ఏ మాటలుగా మారిందో గుర్తున్నవారికి గుర్తుంటుంది. అంకెలు బయటపెడితే కులాల మధ్య చిచ్చు పుడుతుందని భయపడినవాళ్లు, ఆ ఒక్క అంకె దగ్గర ఎందుకు భయపడలేదో అర్థం కాదు.

మన దగ్గర లెక్క వేసినవాళ్లు లేరని కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) దళితవాడలు, తండాల నుంచే పని మొదలుపెట్టింది. దాని బత్తలపల్లి ఆసుపత్రి వైద్యులు హెచ్ఐవీ రోగులపై ప్రచురించిన అధ్యయనాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ వరుసలు ఉన్నాయి, చదువు వరుసా ఉంది. బొంబాయిలోని సూటిదనం, లండన్‌లోని ఓపిక రెండూ అక్కడ పక్కపక్కన కనిపిస్తాయి. ఒక ఆసుపత్రి చేయగలిగినది ఒక రాష్ట్రం చేయలేదంటే నేను నమ్మను.

పైగా దీనికి కొత్త ఫారం కూడా అక్కర్లేదు. 2020లో ఇంగ్లండు మరణ పత్రంలోనూ జాతి అన్న గడి లేదు. చనిపోయినవారి వివరాల్ని 2011 జనాభా లెక్కలతో జతచేసి వాళ్లు ఆ పట్టిక వేశారు. 2024 సెప్టెంబరు నుంచి డాక్టరు ఇచ్చే మరణ ధ్రువపత్రంలోనే ఆ గడి పెట్టుకున్నారు. మన మరణ నమోదు ఫారంలో మతం అడుగుతారు, వృత్తి అడుగుతారు, కులం అడగరు. అయితే రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. 2027లో ఆ లెక్క పూర్తయ్యాక దాన్ని రిజర్వేషన్ల వాదనలకే వదిలేయకూడదు. పేర్లు దాచి, మండలాలవారీగా, క్షయ రిజిస్టరుతోనూ మరణాల రిజిస్టరుతోనూ జతచేయాలి. కులం పక్కన ఇంట్లో గదులెన్నో, చేసే పని ఏమిటో, ఆసుపత్రి ఎంత దూరమో కూడా ఉండాలి. ఆ పని చేయమని పుట్టపర్తి కలెక్టరేటులో అర్జీ ఇవ్వడానికి కొత్తచెరువు నుంచి బస్సులో ఎంతోసేపు పట్టదు.