ఏ మానవుడు? ఏ ప్రకృతి?: ‘పుష్పవిలాపం’, ‘గబ్బిలం’ ఒక పరిశీలన

ప్రస్తావన

‘ప్రకృతిని కాపాడుకోవాలి’ అనే మాట మీరు బడి రోజుల నుంచీ వింటున్నారు. ఆ వాక్యంలో కర్త ఎవరో ఎప్పుడైనా గమనించారా? ఎవరు కాపాడాలి? ఎవరి చేతుల నుంచి కాపాడాలి? ‘మానవుడు’ అని మనం తడుముకోకుండా జవాబు చెబుతాం. ఆ మానవుడు ఎవరు అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఆ ప్రశ్నతో రెండు ప్రసిద్ధ రచనలను ఈ భాగంలో కలిపి చదువుదాం. ఒకటి ‘కరుణశ్రీ’గా పేరొందిన జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) ‘పుష్పవిలాపం’. రెండవది గుర్రం జాషువ (1895–1971) ‘గబ్బిలం’. ఇద్దరూ గుంటూరు సీమ కవులే. ఇద్దరూ పద్యాన్ని సామాన్యుడి నోటికి చేర్చినవారే. ఇద్దరి కావ్యవస్తువూ కరుణే. అయినా ప్రకృతి ముందు వీరు నిలబెట్టిన మనిషి ఒకడు కాడు.

పువ్వు చేసిన ఆరోపణ

‘ఉదయశ్రీ’లోని పుష్పవిలాపాన్ని మీలో చాలామంది చదవక ముందే ఘంటసాల గొంతులో విని ఉంటారు. కథ చిన్నది. కవి పూజ కోసం పూలు కోయడానికి తోటకు వెళతాడు. కొమ్మను వంచి గోరు ఆనించబోయేసరికి పూలు మాట్లాడతాయి. తమకు తీగ తల్లి అని, బతికిన నాలుగు గడియలూ ఆ తల్లి చేతుల్లో ఊగుతామని, ఆయువు తీరాక ఆమె కాళ్ల దగ్గరే కన్నుమూస్తామని చెప్పుకుంటాయి. గాలికి పరిమళం ఇస్తామని, తుమ్మెదకు తేనె పెడతామని అంటాయి. తరువాత నిందకు దిగుతాయి. దారాలతో బిగించడం, సూదులతో గుచ్చడం, వాడిన తరువాత చీపురుతో ఊడ్చి పారబోయడం ఏ నీతి అని అడుగుతాయి. కవి వట్టి చేతులతో వెనుదిరుగుతాడు.

ఈ రచన బలం ఎక్కడుందో ముందుగా గుర్తించండి. పువ్వు ఇక్కడ అలంకారం కాదు. అంతకుముందు ఎన్నో కావ్యాల్లో పువ్వు నాయిక ముఖానికో నవ్వుకో ఉపమానం. కరుణశ్రీ ఆ వరసను తిరగేశాడు. పువ్వుకు దానిదైన బతుకు ఉందన్నాడు. తీగ, గాలి, తుమ్మెద అనే బంధువుల మధ్య దాన్ని నిలిపాడు. మనిషి లేకపోయినా ఆ బంధుత్వం సాగుతుంది. పువ్వు పుట్టింది మన కోసం కాదని ఇంత తేలికగా, ఇంతమందికి అర్థమయ్యేలా చెప్పిన తెలుగు పద్యాలు అరుదు.

ఇక పరిమితిని చూడండి. పూలు నిందించేది మొత్తం ‘నరజాతి’ని. ఆ జాతిలో ప్రత్యేకంగా వేలెత్తి చూపేది ఆడవారిని, దయలేనివారని. తోటకు నీళ్లు పోసినవారు, తెల్లవారకముందే లేచి మొగ్గలు కోసేవారు, మాల కట్టి మూరల లెక్కన అమ్మి పొట్ట పోసుకునేవారు ఈ రచనలో కనిపించరు. పువ్వు తెగితే ఒకరికి అది పూజ, ఒకరికి సింగారం, మరొకరికి ఆ పూట కూడు. ఈ తేడా చెరిగిపోతే అందరూ ఒకే నేరస్థులు అవుతారు. అందరూ నేరస్థులైన చోట ఎవరూ జవాబు చెప్పవలసిన పని ఉండదు. కవికి పూలు కోయకుండా తిరిగివచ్చే వీలుంది. ఆ వీలు అందరికీ లేదు.

గబ్బిలం తెలిసిన దారి

1941లో వెలువడిన ‘గబ్బిలం’ కాళిదాసు ‘మేఘదూతం’ పద్ధతిలో నడిచే సందేశకావ్యం. అక్కడ యక్షుడు విరహంతో మేఘాన్ని పంపాడు. ఇక్కడ అంటరానివాడిగా వెలివేయబడ్డ ఒక పేదవాడు తన బతుకు కథను శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు.

దూతగా గబ్బిలమే ఎందుకు? చిలుక, హంస వంటి దూతలు మన కావ్యాలకు కొత్త కాదు. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమని లోకం తరిమేస్తుంది. కానీ పాత గుడి చూరు దానికి ఇల్లు. తలకిందులుగా వేలాడడం దాని సహజ గుణం. అలా వేలాడేటప్పుడు శివుడి చెవి దానికి దగ్గరగా ఉంటుందని, పూజారి లేని వేళ చూసి తన సంగతి చెప్పమని కథానాయకుడు వేడుకుంటాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ఊహంతా గబ్బిలం నిజ జీవితం మీద ఆధారపడి ఉంది. మనిషికి మూసిన తలుపు ఆ జీవికి తెరిచే ఉంది. ప్రకృతికి కులం తెలియదు. ఆ సంగతి కవి ఉపన్యాసంగా చెప్పలేదు, గబ్బిలం చేత ఎగిరించి చూపాడు. కవి దాన్ని పక్షులలో రాణిగా సంబోధిస్తాడు. శాస్త్రం ప్రకారం అది పిల్లలకు పాలిచ్చే క్షీరదం. అయినా దాని అలవాట్లను కవి ఎంత నిశితంగా చూశాడో గమనిస్తే ఆ సంబోధనలోని గౌరవమే మనకు మిగులుతుంది.

ఈ కావ్యంలోని మరొక పద్యభావం మన చర్చకు కీలకం. పాముకు పాలు పోసి, చీమకు పంచదార పెట్టే ఈ కర్మభూమిలో ధర్మదేవత కూడా వీడున్న చోట ఉలికిపడుతుందట. చీమకు పంచదార పెట్టడం తప్పని జాషువ అనలేదు. చీమ దాకా వెళ్లిన దయ పక్క గుడిసె ముందు ఎందుకు ఆగిపోయిందని అడిగాడు. ఇంకొక చోట, వీడి రెక్కల కష్టం లేకపోతే పైరు పండి పులకించడానికే సందేహిస్తుందని అంటాడు. ఇతడు ప్రకృతి దగ్గరకు పూలకోసం వెళ్లిన అతిథి కాడు. నేలతో చెమట సంబంధం ఉన్నవాడు. పంట పండించినా తినే హక్కు లేనివాడు.

రెండింటినీ కలిపి చదివితే

పుష్పవిలాపం మనిషిని ప్రకృతికి ఎదురుగా నిలబెట్టి సిగ్గుపడమంటుంది. ఆ సిగ్గు అవసరమే. గబ్బిలం ఆ మనిషిని రెండుగా విడదీసి చూపుతుంది: ప్రకృతిని అనుభవించేవాడు, ప్రకృతితో పాటు తానూ వాడుకోబడేవాడు. జాషువకూ ఒక ప్రశ్న వేయవచ్చు. గబ్బిలం కూడా చివరికి మనిషి పనికి కుదిరిన దూతే కదా? నిజమే. కానీ అతడు దాన్ని ఆజ్ఞాపించడు, బతిమాలుతాడు. లోకం తరిమిన ఇద్దరి మధ్య పుట్టిన స్నేహం అది.

నేడు అడవి, నీరు, ఇసుక గురించి వచ్చే ప్రతి చర్చలోనూ ‘మానవుడు ప్రకృతిని నాశనం చేస్తున్నాడు’ అనే వాక్యం ఎదురవుతుంది. వంటకు పుల్లలు ఏరుకునే మనిషిని, లారీలకొద్దీ కలప తరలించే మనిషిని ఆ వాక్యం ఒకే గాటన కడుతుంది. పువ్వు బాధ వినగల చెవి మనకు కరుణశ్రీ ఇచ్చాడు. ఆ చెవితో పక్కమనిషి బాధ కూడా వినకపోతే ఆ కరుణ సగమే అని జాషువ నేర్పాడు. ఈ రెండు పాఠాలలో ఏ ఒక్కటి వదిలినా ప్రకృతి గురించి మనం చెప్పే మాటలో బలం ఉండదు.

ఆలోచించి రాయండి

మీ ఊరిలోని ఒక చెరువునో, తోటనో, గుట్టనో తీసుకోండి. దాని వల్ల బతికేవారు ఎవరు, లాభపడేవారు ఎవరు, అది పాడైతే ముందు నష్టపోయేవారు ఎవరు? ఆ ముగ్గురూ ఒకరేనా? పై రెండు రచనల వెలుగులో పదిహేను పంక్తులలో మీ సొంత మాటల్లో వివరించండి.