శకున్ పక్షము

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఒకే వీధిన మూడు భాషలు వినవచ్చును. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలివచ్చిన తెలుగువారి సంతతి ఇంట తెలుగు మాటలాడును; బజారున వంగభాషయో, హిందీయో పలుకును. వీరిలో చదువుటకు హిందీయే దగ్గరైనవారు కలరు. మన్నూ భండారీ నవల ‘ఆప్‌కా బంటీ’ని అట్టి పాఠకుడు హిందీలో చదివినను, శకున్‌పై తీర్పు మాత్రము ఇంటి భాషలోనే చెప్పుకొనును.

1971లో గ్రంథముగ వెలువడిన ఈ నవలలో శకున్ ఒక మహిళా కళాశాలకు ప్రిన్సిపాలు. భర్త అజయ్ కలకత్తాలో మీరాతో వేరు కాపురము పెట్టినాడు. విడాకుల పిమ్మట ఆమె, భార్యను కోల్పోయిన డాక్టరు జోషీని పెండ్లాడి కొడుకుతో ఆయన యింటికి పోవును. బంటీ అక్కడ ఇమడలేడు. ఇంతే కథ.

కథలో అధికభాగము బంటీ కన్నులతో చూచినది. అద్దము ముందు కూర్చుండి ముస్తాబగు తల్లిని వెనుకనుండి చూచుచు నిలిచిన బాలునితో నవల ఆరంభమగును. ఆ చూపునకు తల్లి కోరిక ఎన్నడును కోరికగ కనబడదు, ద్రోహముగనే కనబడును. పాఠకులు బంటీకై కన్నీరు కార్చి ఊరకుందురేమోనని రచయిత్రియే పీఠికలో శంకించినది. శంక నిజమైనది. తెలుగున చలము ‘మైదానము’ (1927)లో రాజేశ్వరి తన కథను తానే ‘నేను’ అని చెప్పుకొన్నది. లోకము నిందించినను ఆమె మాట వినక తప్పదు. జీతము తెచ్చుకొనుచు, కొడుకు చేయి పట్టుకొని, నడివయసున తోడు కోరిన శకున్‌కు ఆ ‘నేను’ దక్కలేదు. నవల అక్కడక్కడ ఆమె ఆలోచనలలోనికి ప్రవేశించును. ఆ పుటలే ఇందు మేలైనవి. జోషీపై ప్రేమలో అజయ్‌ను గెలువవలెనను పంతము కొంత కలదని శకున్ తనకు తానే ఒప్పుకొనును. ఇట్టి నిజాయితీ గల నాయికను కఠినురాలని త్రోసివేయుట పాఠకుని సోమరితనము. జోషీ పాత్ర మాత్రము పలుచనైనది. మంచివాడనుటకు మించి ఆయనను గూర్చి చెప్పుటకేమియు లేదు.

అనువాదకునికి శీర్షికయే మొదటి చిక్కు. ‘మీ బంటీ’ అనగనే తెలుగు చెవికి ‘మీ బంటు’ తోచును! అంతకంటె లోతైనది ‘తలాక్’. హిందీ ఆ మాటను అరబ్బీనుండి తెచ్చుకొన్నది. తెలుగున ‘విడాకులు’ ఇంటి మాట. దాని ప్రక్కనే ‘మారుమనువు’ కలదు. పెక్కు తెలుగు కులములలో కులపెద్దల యెదుట తెగతెంపులు, పిదప మారుమనువు ఆచారమై యుండెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము అట్టి ఆచారమును త్రోసివేయలేదు. ఆ స్వేచ్ఛ ఉచితముగ రాలేదు. పలుచోట్ల ఓలి తిరిగి చెల్లింపవలసి యుండెను. అయినను ఆ దారి ఉండెను. ఉద్యోగములు, చదువులు వచ్చిన యిండ్లలో ఆ మాటయే చిన్నతనముగ తోచసాగెను. అవ్వల ఊళ్లలో చెల్లిన పనికి మనుమరాండ్రు శకున్‌ను తప్పుపట్టుట వింతయే. ‘వివాహ విచ్ఛేదము’ అని సంస్కృతీకరించు అనువాదకుడు ఈ వింతను కప్పివేయును. ‘విడాకులు’ అనియే వ్రాయవలెను.

నవల రైలుపెట్టెలో ముగియును. తండ్రి బంటీని వసతిగృహమునకు కొనిపోవుచుండును. చుట్టును ఎరుగని ముఖములు. శకున్ ఆ పెట్టెలో లేదు. ఆ వేళ ఆమె ఏమి చేయుచుండెనో ఆ పుటలలో ఎక్కడను చెప్పబడలేదు.