"ఒకరికొకరు": ఒక దృశ్యప్రబంధమునఁ గర్మవ్యతిహారము

వ్యాకరణము పదసాధనకే కాని లోకవృత్తము నెఱుఁగుట కుపకరింపదని తలంచువారు మన పండితులలోనే కలరు. నే నట్లు తలంపను. ఇటీవల నేను జూచిన యొక దృశ్యప్రబంధము నాచేత నాత్మనేపదప్రకరణమును మరలఁ జదివించినది. ఎస్. లియో చియాంగు 2009లో వెలువరించిన "ఎ విలేజ్ కాల్డ్ వర్సెయిల్స్" అనునదియే యది. ఇది కల్పితనాటకము గాదు. జరిగినదానిని, అనుభవించినవారి నోటనే చెప్పించు చలనచిత్రము. ఇట్టిదానికిఁ గావ్యవిమర్శ తగునా యని యడుగవచ్చును. కంటికిఁ జూపఁబడుటచే దృశ్యము, ఏర్చి కూర్పఁబడుటచేఁ బ్రబంధము; విమర్శకున కింతకంటె నేమి వలయును?

ఇతివృత్తము సంగ్రహముగఁ జెప్పెదను. అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరపుఁ దూర్పుభాగమున, వియత్నామునుండి వచ్చిన కతోలికుల పేట యొకటి కలదు. దానినే వర్సెయిల్స్ అందురు. అందలి పెద్దలలోఁ బెక్కండ్రు 1954లో నుత్తరవియత్నామునుండి దక్షిణమునకును, 1975 తరువాత దక్షిణమునుండి సముద్రము దాటి యమెరికాకును వలసపోయినవారు. 2005 ఆగస్టు 29వ తేదీని కత్రీనా యను పెనుతుపాను వచ్చి, గట్టులు తెగి నగరము మునిఁగినప్పుడు, వారు మూఁడవమాఱు చెదరిరి. వియత్నాము రాజ్ఞి మరియమాత పేరిట వెలసిన దేవాలయము వారి కూటమికి నట్టిల్లు. విచారణగురువగు వియెన్ న్గుయెన్ చెదరినవారిని వెదకికొనుచు దూరప్రాంతములకుఁ బోయెను. అక్టోబరులోనే పూజ మరల సాగెను. తిరిగివచ్చినవారి పేరుల పట్టికఁ జూపి విద్యుత్సంస్థవారిచేత దీపములు వెలిఁగింపించెను. ఇండ్లలోని బురద నొకరి కొకరు తోడై యెత్తిపోసికొనిరి. పిమ్మట 2006లో నగరాధికారులు తుపాను శిథిలములఁ గుమ్మరించుటకు వారి పేటకు రెండుమైళ్ళలోపున గుంట తెఱపింపఁగా, వృద్ధులును యువకులును గలిసి యెదిర్చి యా యేఁటనే మూయించిరి.

విపద్వృత్తాంతములలో సాధారణముగ దాత కర్త, బియ్యము, కంబళ్ళు కర్మము, బాధితుఁడు సంప్రదానము. కడవఱకు నీ కారకములు మాఱవు. 1977 నాఁటి దివిసీమ యుప్పెనను గూర్చిన మన వ్రాఁతలలోను నిట్టి వాక్యమే మెండు. వర్సెయిల్స్ వారి వృత్తాంత మీ వాక్యమున నిముడదు. కర్మముచేఁ గర్త యెవని నుద్దేశించునో వాఁడు సంప్రదానమని పాణిని చెప్పెనే కాని, వాఁడెన్నఁడును గర్త కారాదని చెప్పలేదు. ప్రథమాధ్యాయ తృతీయపాదమునఁ బదునాలుగవ సూత్రముచేఁ గర్మవ్యతిహారమున నాత్మనేపదమును విధించెను. ఇచ్చటఁ గర్మ మనఁగాఁ గ్రియ. ఒకఁడు చేయవలసిన పనిని వేఱొకఁడును, వానిపనిని మొదటివాఁడును జేయుట కర్మవ్యతిహార మని వ్యాఖ్యాతలు. "వ్యతిలునతే", "వ్యతిపునతే" అనునవి యుదాహరణములు. మొదటిదాని నేను ముప్పదియేండ్లుగ శిష్యులకుఁ గోఁతపొలముఁ జూపి బోధించితిని. రెండవదానిని రూపముగ నప్పగింపించితినే కాని, మనుష్యు లొకరికొకరు శుద్ధి చేయుట యెట్టిదో యూహింపనైతిని. నీట నానిన గోడల మధ్య, పొరుగువాని యింటి బురదను బొరుగువాఁడెత్తిన కథ విన్నప్పుడు గాని నా కా యుదాహరణమున కర్థము దెలియలేదు. ఇన్నియేండ్లు శిష్యులకు దానిని సగమే చెప్పితినని సిగ్గుపడితిని.

ఈ యర్థమునకు సంస్కృతమున "అన్యోన్య" శబ్దము. వార్తికకారుఁడు సర్వనామమునకు ద్విర్వచనము చెప్పెను. గ్రీకుభాషలోని "అల్లేలోన్" అనునదియు నిట్టి ద్విర్వచనజన్యమే. "అన్యోన్యస్మై" యనునపుడు పూర్వపదమునఁ బ్రథమ. ఇచ్చువాఁడు ముందు, పుచ్చుకొనువాఁడు తరువాత. తెలుఁగున "ఒకరికొకరు" అనునపుడు క్రమము తలక్రిందగును. "ఒకరికి" అనునది మన వ్యాకరణరీతి షష్ఠియైనను, అర్థమున సంప్రదానము. అది ముందు వచ్చును, కర్త వెనుక వచ్చును. వర్సెయిల్స్ వృద్ధుల జీవితక్రమ మిదియే. 1975లో వారు కతోలికసంస్థల చేయూతతోఁ బరదేశమునఁ గాలూనినవారు, ముందుగఁ బుచ్చుకొనినవారు. ఇచ్చుట తరువాత వచ్చినది.

దర్శకుఁడు పూర్వవృత్తమును ముందుగఁ జూపి యీ క్రమమును బాటించుట మెచ్చఁదగినది. కాని యంగిరసవిషయమున నాకొక యాక్షేపము కలదు. గుంటను మూయించిన పోరాటమునకే యీ ప్రబంధమునఁ బ్రాధాన్యము. ప్రతినాయకుఁడు దొరకఁగానే కథకు వేగము వచ్చును, ఉత్సాహము పెరుఁగును. వీరమునకు స్థాయి యదియే కదా. పరస్పరసాహాయ్యమునకుఁ బ్రతినాయకుఁడు లేఁడు. అందుచేతఁ గాఁబోలు, అది పోరాటమునకు ముంగిలివలె మిగిలినది. నన్నడిగిన నది ముంగిలి గాదు, గర్భగృహము.

దీనిని దయావీర మందమా? ఆలంకారికుల దయావీరమునకు జీమూతవాహనుఁడు నాయకుఁడు. దయ యొకనియం దుండును, ఆలంబనము వేఱొకఁడు. రతి యుభయనిష్ఠము గానిచో రసాభాస మని నిర్ణయించిన మనవారు, దయ యుభయనిష్ఠమైనచో నేమగునని యడుగలేదు. ఏకనిష్ఠమైన దయ యాభాస మగునా? నే నంతదూరము పోను. కాని ప్రశ్న యున్నది. అలంకారశాస్త్రము బోధించువారు దీని నాలోచింపవలయును.

అన్యోన్యాదిశబ్దములు పక్కనున్నచోఁ గర్మవ్యతిహారమున నాత్మనేపదము రాదని పాణిని మరల నిషేధించెను. పదమే చెప్పినదానిని బ్రత్యయము చెప్ప నక్కఱలేదు. ఈ చిత్రమున మాటలాడువా రైకమత్యమును బేర్కొనినచోట్ల నాకు సూత్ర మిదియే తోఁచినది; చేతులు చెప్పినచోట నోరు మిగులు.

దీనిని దెలుఁగు చేయువారి కొక మాట. "చర్చి" యను నాంగ్లపదము వచ్చినచోట్ల నెల్ల దేవాలయమని వ్రాయరాదు. మన క్రైస్తవులు కట్టడమునకు దేవాలయ మనియు, జనులకు సంఘ మనియు వాడుదురు. సంఘశబ్దము గణార్థమున నిపాతితము. వర్సెయిల్స్ కథలో నీట మునిఁగినది మొదటిది, హ్యూస్టను మొదలగు తావులకుఁ జెదరి మరలివచ్చినది రెండవది.