గాలి లెక్కకు సగటు పనికిరాదు

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో మేడమీద బిగించుకున్న చిన్న వాతావరణ యంత్రం ఏడాది తిరిగేసరికి వేల అంకెలు పోగేస్తుంది. వాటన్నిటినీ కూడి, భాగించి, మా ఊరి గాలి ఫలానా దిక్కుదని తేల్చేయాలనిపిస్తుంది. అలా చేయకూడదనే నా వాదన. 350 డిగ్రీలూ 10 డిగ్రీలూ రెండూ ఉత్తరపు గాలులే. మామూలు సగటు కడితే 180 వస్తుంది, అంటే నిఖార్సయిన దక్షిణం! దిక్కునీ వేగాన్నీ కలిపి లెక్కించే వెక్టార్ సగటు ఈ తప్పును దిద్దుతుంది గానీ మన ప్రాంతానికి అదీ చాలదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, పడమటి గాలులు, చలికాలానికి ఈశాన్యం. ఎదురెదురు గాలుల్ని కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలే దిక్కు ఏ నెలలోనూ నిలకడగా వీచనిది కావచ్చు.

అందుకే నెలవారీగా, అందులోనూ పూటవారీగా, ఎనిమిది దిక్కుల్లో దేనికెన్ని గంటలు పడ్డాయో లెక్కపెట్టాలి. లేకపోతే మే నెల మధ్యాహ్నపు పడమటి వడగాలీ, సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే చల్లగాలీ ఒకే పద్దులో పడిపోతాయి. గాలి ఆగిన గంటలది వేరే పద్దు. గాలి పడిపోయినా దిక్కు చూపే బాణం ఆఖరున తిరిగిన వైపే ఉండిపోతుంది. చాలా యంత్రాలు దాన్నే రాసుకుంటూ పోతాయి. వేగం సున్నా ఉన్న ఆ నమోదుల్ని దిక్కుల లెక్కలోంచి తీసేయాలి, కానీ పారేయకూడదు. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల్లో గాలి ఆడని రాత్రి తెల్లవారుజాముకి నీటిలో ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. తెట్టు ఏ గట్టుకి కొట్టుకొస్తుందో దిక్కుల పద్దు చెబుతుంది. ఏరేటర్ల అవసరం ఏ నెలల్లో ఎక్కువో ఆగిన గంటల పద్దు చెబుతుంది. రైతుకి ఈ రెండోదే ఎక్కువ విలువైనదని నా నమ్మకం.

మేడమీది యంత్రాన్ని నమ్మవచ్చా అని అడుగుతారు. ప్రమాణం ప్రకారం ఆరుబయట 10 మీటర్ల ఎత్తున ఉండాలి. పక్కింటి నీళ్ల ట్యాంకూ కొబ్బరిచెట్టూ గాలిని మళ్లిస్తాయన్నది నిజమే. ఏడాది పొడుగునా ఒక దిక్కు నుంచి గాలే లేనట్టు కనిపిస్తే, ఆ వైపు అడ్డమేముందో ముందు చూడాలి. పెద్దలనడిగితే చాలదా అనేవారూ ఉన్నారు. గాలి చూసి ధాన్యం తూర్పారబట్టిన రైతు కూడా ఫలానా నెలలో ఫలానా పూట అనే చెబుతాడు తప్ప ఏడాది సగటు చెప్పడు. యంత్రం చేయాల్సిందీ అదే. బిగించేటప్పుడు మాత్రం ఉత్తరం గుర్తును దిక్సూచితో సరిచూసుకోండి. మన జిల్లాల్లో దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే.